మీసం పెట్టిన కూడు

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. గుమాన్ సింగ్ సంగతి తలకిందులు. మీసానికి నూనె రాయకపోతే ఆ ఇంట్లో మెతుకే లేదు.

మా జోధ్‌పూర్ పాతబస్తీలో ఒక హవేలీని మ్యూజియం చేశారు. దాని వాకిట్లో ఎర్ర తలపాగా చుట్టుకుని, బల్లెం పట్టుకుని నిలబడడం గుమాన్ ఉద్యోగం. ఎదురుగా నాది తోలుజోళ్ళ కొట్టు. బేరాలు లేనప్పుడు నాకు కాలక్షేపం అతనే. చెవుల దాకా మెలితిరిగిన మీసం అతనిది. కోట చూసినవాళ్ళు, గంటస్తంభం చూసినవాళ్ళు, మిర్చీ వడ తిన్న చేతులతోనే వచ్చి అతని పక్కన ఫొటో దిగుతారు. దిగితే దిగారు, నిజం మీసమేనా అని లాగి మరీ చూస్తారు. చదువుకున్నవాళ్ళే ఎక్కువ లాగుతారు. లాగినప్పుడల్లా గుమాన్ నవ్వాలి. అదీ ఉద్యోగమే.

సాయంత్రం తలపాగా ఒళ్ళో పెట్టుకుని నా కొట్టు మెట్టు మీద కూలబడేవాడు.

"ఏమయ్యా, ఇవాళ పీకుడు ఎలా ఉంది?" అనేవాణ్ణి.

"కుడివైపు మొద్దుబారిపోయింది భాయీసా. ఎడమవైపు ఇంకా తెలుస్తోంది."

అతని తండ్రి జేఠ్ సింగ్ ఓసియాఁ దగ్గర పల్లెలో ఉండేవాడు. ఒకసారి కొడుకును చూడ్డానికి వచ్చి, ఎవడో పట్నం కుర్రాడు మీసం పట్టుకుని వేలాడడం కళ్ళారా చూశాడు. "మా రోజుల్లో మగాడి మీసం మీద పరాయి చెయ్యి పడితే తల తెగేది. నీకు జీతం పడుతోంది" అన్నాడు. నీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి.

మొన్న దీపావళి వెళ్ళగానే ఆ ముసలాయన పోయాడు. మావైపు తండ్రి పోతే కొడుకులు గుండు చేయించుకుని మీసమూ తీయించుకోవాలి. తండ్రి బతికుండగా మీసం తీస్తే అపశకునం, పోయాక ఉంచుకుంటే అపచారం. పరామర్శకు నేనూ వెళ్ళాను. మంగలి వచ్చి కత్తి నూరుకుంటుండగా మ్యూజియం మేనేజరు సింఘ్వీ ఫోను చేశాడు. గుమాన్ ఫోనును తమ్ముడు నాథూ అందుకుని, అందరికీ వినబడేలా పెట్టాడు.

"గుమాన్, గుండైతే చేయించుకో, తలపాగా కింద ఎవడు చూడొచ్చాడు? మీసం మాత్రం ముట్టుకోనివ్వకు. సీజను మొదలైంది, బోర్డు మీద నీ బొమ్మే వేయించాం. మీసం లేకుండా వస్తే వాకిట్లో నీకు చోటు లేదు, ముందే చెబుతున్నా."

నాథూ ఫోను పెట్టేసి మూతి విరిచాడు. "ఉంచుకో అన్నా. నాన్న ఇచ్చిన మీసం కాదుగా అది, టికెట్టు కొన్నవాళ్ళది."

"నోర్ముయ్యరా!" అని కసిరింది తల్లి. "వాడి పిల్లల్ని నువ్వు సాకుతావా? గుమాన్, ఉంచుకో నాయనా. పోయినాయన లేచొచ్చి చూస్తాడా ఏంటి?"

గుమాన్ లేచాడు. వెళ్ళి మంగలి ముందు కూర్చుని గడ్డం ఎత్తాడు. "తీసెయ్" అన్నాడు. కత్తి పెదవి మీద ఆడుతుంటే కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. "కొడుకంటే వీడురా, తండ్రి కోసం నోటికాడి కూడు వదులుకున్నాడు" అన్నారు పెద్దలు. నాథూ అన్న కాళ్ళ మీద పడ్డాడు. నేనూ అదే అనుకున్నాను.

సింఘ్వీ మాట మీద నిలబడ్డాడు. గుమాన్‌ను వెనకవైపు కార్లు నిలిపే చోటికి పంపి జీతం తగ్గించాడు. వాకిట్లో మరొకడు వచ్చి నిలబడ్డాడు. వాడిది అతికించిన మీసం! జనం వాడి పక్కన కూడా అంతే సంబరంగా ఫొటోలు దిగుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. నేరుగా సింఘ్వీ గదిలోకి వెళ్ళాను.

"అతికించేదే అయితే గుమాన్‌కే అతికించొచ్చుగా! వాడేం పాపం చేశాడు?"

"అడిగాను భాయీసా. పాత జీతమే ఇస్తానన్నాను" అన్నాడు సింఘ్వీ. "అతనే వద్దన్నాడు."

ఆ సాయంత్రం గుమాన్‌ను నిలదీశాను. "పెళ్ళాం పిల్లలున్నవాడివి. చచ్చిపోయిన నాన్న పేరు మీద ఇంత పంతమా?"

గుమాన్ టీ గ్లాసు అందుకున్నాడు.

"పంతం కాదు భాయీసా. పీకించుకుని పీకించుకుని అలసిపోయాను. కత్తి పడుతుంటే హాయిగా ఉంది, ఆ హాయికి ఏడ్చాను. వాళ్ళేమో నన్ను శ్రవణకుమారుణ్ణి చేశారు."

"పోనీలే. మీసం మీద ఇంకెవడి చెయ్యీ పడకూడదనేగా మీ నాన్న కూడా అన్నది."

"మీకు అర్థం కాలేదు. ఆయన ఉండగా తీయడానికి లేదు కదా." గొంతు తగ్గించాడు. "రెండు మూడేళ్ళుగా పొద్దున్నే అద్దం ముందు నూనె రాసుకుంటూ... నాన్న ఎప్పుడు పోతాడా అని చూశాను భాయీసా."

 గుమాన్ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద తల వాల్చి, అప్పుడు ఏడ్చాడు తండ్రి కోసం.