క్యారేజీ తిరిగి ఇచ్చినవాళ్ళు

ఈ దీవిలో, డెలానీపూర్ పేటలోని మా వంటింటి నుంచి మధ్యాహ్నం క్యారేజీలు బయలుదేరడం మొదలై చాలా ఏళ్ళయింది. ఆఫీసుల్లో, బడుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళకు నా భార్య వండి పంపుతుంది. ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరికి వంకాయ పడదో అన్నీ ఆమెకు కంఠతా ఉండేవి. కిందటేడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక, కొన్ని జారిపోతున్నాయని తనే చెప్పింది.

అందుకని, కాలేజీలో కంప్యూటర్లు చదివే మా అమ్మాయి ఫోన్‌లో ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టింది. ఫోన్ నంబరు ఎదురుగా ఆ మనిషి తినకూడనివి కనిపిస్తాయి. ఇలా జతలు జతలుగా దాచేదాన్ని వాళ్ళు మ్యాప్ అంటారట. జతలు పెరిగిపోయాయని ఒకరోజు ఏరివేతకు దిగింది. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతూ, అక్కర్లేనిదాన్ని అక్కడికక్కడే తీసేయబోతే ప్రోగ్రామ్ ఆగిపోయింది.

"జెట్టీ మీద నడుస్తూ కాలికింద చెక్క పీకినట్టు నాన్నా" అంది.

తర్వాత షరతు మాత్రం చెప్పి, తీసే పని మ్యాప్‌కే వదిలేసింది. మూడు నెలలుగా భోజనం అడగనివాళ్ళు పోవాలి. ఒక్క వరుసతో పని అయిపోయింది.

మరుసటి వారం దక్షిణపు కొసనున్న క్యాంప్‌బెల్ బే ఓడ వచ్చింది. అక్కడికి డ్యూటీ మీద వెళ్ళిన నర్సు, డైరీ ఫార్మ్ పేటలో ఉండే ఆమె, జెట్టీ నుంచే ఫోన్ చేసి భోజనం చెప్పింది. ఆమె నంబరు ఎదురుగా ఏమీ లేదు. నా భార్య ఆ రోజు చేసిన రొయ్యల ఇగురే సర్దింది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇంటికి వచ్చేసరికి ఫోన్.

"ఏంటి దీదీ, నన్ను పైకి పంపేద్దామనా? రొయ్య తింటే గొంతు మూసుకుపోద్ది నాకు. భూల్ గయే క్యా, మర్చిపోయారా?"

నవ్వుతూనే అంది. వాసనకే మూత పెట్టేసిందట. నా భార్య నవ్వలేదు. స్టవ్ ఆపేసి పీట మీద కూర్చుంది.

"రేపట్నుంచి వండను. నా చేత్తో ఎవరికో ఏదో అయిపోద్ది."

"నీ తప్పు కాదమ్మా, డిలీట్ చేసింది నేను" అంది అమ్మాయి. "మూడు నెల్లు అడక్కపోతే వెళ్ళిపోయిందనుకున్నా."

"ఓడెక్కి కింది దీవులకెళ్తే వెళ్ళిపోయినట్టేంటే పిచ్చిదానా? మన పాత క్యారేజీ ఇవ్వకుండా ఆవిడ దగ్గరే పెట్టుకుందిగా."

అమ్మాయికి అర్థం కాలేదు.

"మెయిన్‌లాండ్‌కి పూర్తిగా పోయేవాళ్ళు క్యారేజీ తోమి ఇచ్చి మరీ పోతారు. దీవుల్లోకెళ్ళినోళ్ళు ఇవ్వరు. మళ్ళీ వస్తారు కదా."

రోజూ ఆ క్యారేజీలు మోసేవాణ్ణి, నాకూ ఎప్పుడూ తట్టలేదు.

అమ్మాయి పాత కాపీలోంచి జతలన్నీ వెనక్కి తెచ్చింది. క్యారేజీ తిరిగి ఇచ్చారా లేదా అని ఒక్కొక్కరి గురించీ తల్లిని అడిగి రాసుకుంది. ఆమె తిరిగొచ్చి అటక మీదున్న క్యారేజీల మూతల మీద రంగు చుక్కలు చూస్తూ, ఏది ఎవరిదో తడుముకోకుండా చెప్పింది. షరతు మారింది. క్యారేజీ తిరిగి ఇచ్చినవాళ్ళే పోవాలి.

"నొక్కేముందు చదువు, ఎవరెవరు పోతారో" అంది నా భార్య.

అమ్మాయి చదివింది. రిటైరై విశాఖ వెళ్ళిపోయిన గోల్ ఘర్ పేట లెక్కల మాస్టారి దగ్గర నా భార్య ఆపమంది.

"మజ్జిగలో అల్లం ఎక్కువెయ్యమనేవారు." ఆయన క్యారేజీ మూత ఒకసారి చూసి, "సరే, తీసెయ్" అంది.

అమ్మాయి నొక్కింది. నా భార్య లేచి బియ్యం కడిగింది.

"నర్సు ఇంకా ఏం తినుండదు. పప్పుచారు పెడతా, మీరే పట్టుకెళ్ళండి" అంది నాతో.