కనక పట్టించిన ఏడుపులు

కనకకు కోపం ముక్కు మీదే ఉండేది. కొండ మీది ఆ చిన్న ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసింది. ఒక్క డాక్టరు చేతా మంచిదనిపించుకోలేదు, అనిపించుకోవాలని చూడనూ లేదు. మైదానం నుంచి వచ్చిన దొరలు అరకు చలికి రెండేసి స్వెట్టర్లు తొడుక్కుని, బదిలీ కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. పిల్లల్ని పట్టేది కనక, తుడిచేది కనక, పోతే గుడ్డలో చుట్టి తండ్రి చేతికిచ్చేదీ కనకే. కాదనేవాడు ఆ వార్డులో ఒక్క పూట పని చేసి అప్పుడు మాట్లాడాలి.

ఆమె తొలిచూలు కొడుకు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. వాడి ఏడుపు సన్నగా, సూదిలా పైకి లేచి ఠక్కున తెగిపోయేది. మూడు రోజులు అలా ఏడ్చి ఏడ్చి చల్లబడిపోయాడు. ఆ ఏడుపు ఆమె చెవిలో ఉండిపోయింది. అప్పటి నుంచి తలుపు బయట నిలబడి వింటే చాలు, లోపలి బిడ్డకు నెలలు నిండాయో లేదో చెప్పేది. నిండిన బిడ్డ ఏడుపు బొడ్డు దగ్గర పుట్టి లావుగా సాగుతుందనీ, నిండని బిడ్డది గొంతులో పుట్టి గొంతులోనే చస్తుందనీ అనేది. నిండని బిడ్డను ఏడవనివ్వకూడదు, ఏడ్చినకొద్దీ ఒంట్లో వేడి పోతుంది. ఆమెకు తెలిసిన వైద్యమంతా ఇదే.

డెబ్బై ఎనిమిదిలో డాక్టర్ వరహాలరావు టేపు రికార్డరుతో దిగాడు. విజయనగరం వైపు మనిషి, పెద్ద డిగ్రీకి థీసిస్ రాసుకుంటున్నాడు. నిండిన పిల్లల ఏడుపూ, నిండని పిల్లల ఏడుపూ టేపు మీద పట్టి పట్నం తీసుకెళ్తే, అక్కడొక యంత్రం ఆ గొంతు ఎంత ఎత్తుకు లేచిందో, ఎంతసేపు నిలిచిందో కాగితం మీద గీతలు గీసి చూపిస్తుంది. ఏ బిడ్డ ప్రమాదంలో ఉందో ఏడుపే చెబుతుందని ఆయన వాదన. అందులో తప్పేమీ లేదు, కనకకు తెలిసిన సంగతే అది.

తప్పంతా పద్ధతిలో ఉంది. ఏడుపులన్నీ ఒకే రకం నొప్పికి పుట్టాలట. అందుకని బిడ్డ అరికాలి మీద రబ్బరు బ్యాండు లాగి వదలాలి. ఆ పని ఆయన చెయ్యడు, వార్డు వాసన ఆయనకు పడదు. పక్క గదిలో తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నంబరు కేకేస్తాడు. ఇవతల మైకు దగ్గర బిడ్డను పట్టుకుని రబ్బరు లాగాల్సింది కనక.

"ఇదేటి బాబూ, బతకడానికే ఓపిక లేనోడ్ని కొట్టి ఏడిపించమంతావు?" అని మొదటి రోజే అడిగింది.

"చెప్పింది చెయ్యి. మీ కొండోళ్ల పిల్లలకి అంత సుకుమారమేంటి?" అన్నాడాయన.

కనక ఆ రోజే నిశ్చయించుకుంది. నెలలు నిండని బిడ్డ నంబరు పిలిచినప్పుడల్లా, ఆ బిడ్డను తల్లి పక్కనే ఉంచి, వార్డులో ఆకలికి గుక్కపెట్టిన నిండు బిడ్డనెవరినో తెచ్చి మైకు ముందు పెట్టేది. నర్సు అచ్చియమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఏడు నెలల పాటు టేపుల నిండా నిండు పిల్లల ఏడుపులే ఎక్కాయి. ఎనిమిదో నెల పిల్లలు ఇంత గట్టిగా ఏడవడమేమిటని ఆ పెద్దమనిషికి ఒక్కసారైనా అనుమానం రావాలి. రాలేదు. కొండజాతి మొండిజాతి అని ఆయన ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరాడు మరి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న చెవిలోనే పువ్వు పెట్టానని కనక మురిసిపోయింది.

ఆ మురిపెం మరుసటి వానాకాలం దాకానే. నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టె ఒకటి కావాలని ఆసుపత్రి వాళ్లు రెండేళ్లుగా పట్నానికి రాస్తున్నారు. దానికి జవాబు వచ్చింది. అచ్చియమ్మ చదివి వినిపించింది. డాక్టరు గారి పరిశోధన ప్రకారం ఈ కొండల్లో నెలలు నిండని పిల్లల ఏడుపుకూ నిండినవాళ్ల ఏడుపుకూ తేడా ఏమీ లేదు, వీళ్లు పుట్టుకతోనే గట్టివాళ్లు, కాబట్టి పెట్టెను వేరే ఊరికి పంపుతున్నాం అని ఉంది అందులో. ఆ పెట్టె సంగతి కనకకు ముందెవరూ చెప్పి చావలేదు.

తిన్నగా వరహాలరావు గదికి వెళ్లింది. ఆయన బదిలీ మీద వెళ్లడానికి సామాన్లు సర్దుకుంటున్నాడు.

"ఆ ఏడుపులు ఆ పిల్లలవి కావు బాబూ. నేనే మార్సినాను. కాగితం మల్లీ రాయి. నన్ను పన్లోంచి తీసేసినా సరే, ఆ గాజుపెట్టె తెప్పించు" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకరిని బతిమాలడం అదే మొదలు.

ఆయన లేచి వెళ్లి తలుపు మూశాడు.

"నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. నాకు డిగ్రీ వచ్చేసింది. ఇంకోసారి నోరెత్తావంటే, ఇది పిల్లల్ని మార్చేసే ఆయా అని పోలీసులకి చెప్తాను."

కనక గుమ్మంలో ఉమ్మేసి వచ్చేసింది. మర్నాటి రైలుకు ఆయన కొండ దిగిపోయాడు. తర్వాత వచ్చిన డాక్టరుకూ చెప్పి చూసింది, వేలిముద్ర ఆడదానికి థీసిస్ సంగతులేమిటని ఆయన నవ్వాడు. అచ్చియమ్మ తన ఉద్యోగం తనకు ముఖ్యమంది.

ఆ డిసెంబరులో ఒక ఉదయం ముగ్గురు పిల్లలు నెలలు నిండకుండానే భూమ్మీద పడ్డారు. ఇద్దరు కవలలు, వాళ్ల తల్లి కాన్పులోనే పోయింది, తండ్రి ఆమెను ఊరికి మోసుకుపోయాడు. మూడోవాడు ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చిన సోములమ్మ కొడుకు. సోములమ్మకు రక్తం పోయి స్పృహ లేదు, అచ్చియమ్మ ఆమెను వదిలి కదలలేకపోయింది. బయట మంచు ఇంకా విడలేదు. కనక రవికె విప్పి, పిల్లల్ని రొమ్ముకు ఆనించి చీరతో కట్టుకుంది. ఇద్దరికే చోటుంది. ముగ్గురి ఏడుపూ విన్నది. అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు సోములమ్మ కొడుకు. వీడికి ఓపిక ఉంది, ఆగుతాడు అనుకుని, వాణ్ణి దూదిలో చుట్టి వేడినీళ్ల సీసాల మధ్య పడుకోబెట్టింది. సీసాలు చల్లారినప్పుడల్లా మార్చింది. మధ్యాహ్నానికి వాడు ఏడవడం మానేశాడు. కవలలిద్దరూ బతికారు.

సాయంత్రానికి సోములమ్మకు తెలివొచ్చింది. కొడుకు పోయాడని అచ్చియమ్మ చెప్పింది. కనక ఒంటికి కట్టి ఉన్న ఇద్దరినీ చూసింది, ఖాళీ దూదిని చూసింది.

"మావోడ్నే ఎందుకు కింద ఎట్టావు?" అని అడిగింది.



"గట్టిగా ఏడిసినాడమ్మా" అంది కనక. "నెలలు నిండినోడిలాగే ఏడిసినాడు."