ఎండ్రకాయ ఫాంటు

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. కంప్యూటర్లో చూస్తే అది చిన్న ఫైలు, పెన్‌డ్రైవులో ఓ మూల ఇమిడిపోతుంది. నా గుండెలోనే ఇమడడం లేదు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా నెల్లూరు తీరంలో ఫ్లెక్సీల మీద ఒక రకం అక్షరాలు మీరు చూసే ఉంటారు. లావుగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఉప్పుగాలికి పెచ్చులూడినట్టు ఉంటాయి. ఆ ఫాంటు పేరు ఎండ్రకాయ. నేనే చేశానని చెప్పుకుంటాను. చేశాను, నిజమే. రాయలేదు.

రాసింది దేవదానం అన్న. ముత్తుకూరు వైపు పడవలకు పేర్లు రాసే పెయింటరు. పడవ ముక్కు దగ్గర చోటు తక్కువ, దేవుళ్ల పేర్లేమో పొడుగు. అందుకని అక్షరాన్ని పక్కల నుంచి నొక్కి పైకి లేపేవాడు. రాసిన పడవను మళ్లీ తిరిగి చూసేవాడు కాదు. చూస్తే తప్పులే కనిపిస్తాయనేవాడు. ఆయన దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్నాను. ఆయన నేర్పాడు. నేను నేర్చుకున్నానా అన్నది వేరే సంగతి.

చివరికి ఒక కొత్త పడవను పేరు రాయమని నాకిచ్చాడు. దాన్ని నీళ్లలోకి దించే పొద్దున, కొబ్బరికాయ కొట్టబోతుండగా, వచ్చి చూశాడు. అందరి ముందూ కిరసనాయిలు గుడ్డతో నా అక్షరాలు తుడిచేశాడు.

"రాసినావా, ఎండ్రకాయని రంగులో ముంచి నడిపించినావా రా?"

ఒడ్డంతా నవ్వింది. సాయంత్రానికి మరిచిపోయింది కూడా. నేను మరవలేదు.

పని మానేసి ఫ్లెక్సీల కొట్టు పెట్టాను. పడవ పడవకూ తిరిగి ఆయన అక్షరాలను ఫొటోలు తీశాను. అరిగినవే ఏరుకున్నాను. పాత వాలకమంటే జనం మోజు పడతారని పైకి అనుకున్నాను. లోపల ఉన్నది అదేనా? ఆయన అరిగిపోవడం చూడాలన్న కోరిక కాదూ? ఫాంటు చేసి, ఆ తిట్టునే దానికి పేరుగా పెట్టి, చుట్టుపక్కల కొట్లన్నిటికీ ఊరికే పంచాను. దానం ఆయన పేరులో ఉంది. చేసింది నేను, ఆయన సొత్తుతో.

రెండేళ్లలో పడవలకు ఆ ఫాంటుతోనే స్టిక్కర్లు వచ్చాయి. కొత్త పడవలకు పాత పెచ్చులు.

ఒక మధ్యాహ్నం ఆయనే కొట్టుకొచ్చాడు. "చేతి పనేమన్నా ఉంటే చెప్పరా."

దీనికోసమే కదా కాచుకున్నాను. స్క్రీను ఆయన వైపు తిప్పాను. "ఇప్పుడంతా ఇదేన్నా."

కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "చెయ్యి గట్టిది. ఎవురు రాసినారు?"

"కంప్యూటరు."

"పేరేంది దీనికి?"

"ఎండ్రకాయ." ఆయన ముఖాన్నే చూస్తున్నాను.

నవ్వాడు. "ఎవురు పెట్టినారో గానీ, భలే పేరు పెట్టినార్రా."

ఆ రోజు ఒడ్డున నన్ను ఆ మాట అన్నట్టే ఆయనకు గుర్తులేదు. తన చేతినీ గుర్తుపట్టలేదా? గుర్తుపట్టీ ఊరుకున్నాడా?

ఇప్పుడాయన ఒక రొయ్యల చెరువు దగ్గర కాపలా. గేటు మీద 'అనుమతి లేనిదే లోపలికి రాకూడదు' అన్న బోర్డు నా కొట్టులోదే, ఆ అక్షరాలతోనే. దాని కింద స్టూలు వేసుకుని కూర్చుంటాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు తృప్తిగా ఉండింది. ఇప్పటికీ కాస్త ఉంటుంది. అదీ రాయాలి కదా.

ఆయనను క్షమించమని అడగలేను. అడగాలంటే ముందు ఆ కిరసనాయిలు వాసన నేను మరవాలి. అది చేతకాలేదు. చేతనైంది ఈ ఒక్క మాటే: ఆ అక్షరాలు దేవదానం అన్నవి.

దీన్ని కాగితం మీద చేత్తోనే రాశాను. వంకరగా వచ్చింది. తుడవలేదు.