నైరుతి మూల షెడ్డు

వానాకాలం రాకముందే మునిసిపాలిటీ కొన్ని సరుకులు సిద్ధం చేసుకోవాలి. బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, సున్నం, ఇసుక మూటలు, నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు, వాటి పైపులు. ఇవి తడవకుండా, కావలసినప్పుడు చేతికందేలా ఎక్కడ పెట్టాలో ప్లాను గీయడం నా ఉద్యోగం. బందరుకి దగ్గర్లో, సముద్రపు గాలి తగిలే ఒక చిన్న పట్టణంలో నేను ఇంజనీరుగా ఉండగా ఇందుకోసం కొత్త యార్డు మంజూరైంది. ఊరి పేరు రాయను. తప్పు ఊరిది కాదు.

ఆ ఊళ్లో పల్లంలో నేతగాళ్ల కాలనీ ఉంది. నా చిన్ననాటి పొరుగువాడు అక్కడ గుంట మగ్గం మీద నేసేవాడు. మాది చర్చికి వెళ్లే కుటుంబం, వాళ్లది కాదు. చుట్టరికమేమీ లేదు, అయినా ఊహ తెలిసినప్పటినుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుంటే తప్ప ఆ మగ్గం ఆడదు. గట్టి వాన పడితే ఇంట్లో ముందు నిండేది ఆ గుంటే. నీళ్లు త్వరగా పోకపోతే గుంట గోడలు కరిగి కూలుతాయి, పైన నిలువుగా బిగించిన పడుగు నూలు చెమ్మకి బూజు పట్టి తెగిపోతుంది.

"ఈ ఏడు కూడా నీళ్లు నిలిస్తే ఇంక గుంటలో దిగను బావా," అన్నాడు ఆ వేసవిలో. "పూడ్చేసి బెజవాడ పోయి ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో కూర్చుంటా."

"నువ్వు గేటు దగ్గర కూర్చుంటే దొంగలకి టీ కూడా పట్టుకెళ్లి ఇస్తావు. ఉండు. ఇంజన్లొస్తున్నాయి, యార్డు కడుతున్నాం. వాన వెలిసిన పూటే మీ కాలనీ తోడించేస్తాను."

"నీ మాట మీద కొత్త పడుగు ఎక్కిస్తున్నా మరి."

"ఎక్కించు బావా," అన్నాను. అప్పు చేసి నూలు తెచ్చాడని నాకు తెలుసు.

యార్డు స్థలంలో లెవెల్స్ నేనే తీశాను. ఈశాన్యం వైపు నేల మెరక. నైరుతి మూల పల్లం, దాని పక్కనే మురుగు కాలువ. షెడ్డు ఈశాన్యంలోనే కట్టాలి. నా మొదటి ప్లానులో అక్కడే గీశాను.

శంకుస్థాపనకి ముందు చైర్మన్ గారు తమ సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. సిద్ధాంతి గారు ప్లాను చూసి నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు.

"ఈశాన్యంలో గడ్డపార ఆనించినా బరువేనండీ. ఇంజన్లు, బస్తాలు పెడతారా? బరువంతా నైరుతిలో ఉండాలి."

"అక్కడ పల్లమండీ," అన్నాను.

"మీ ఇంట్లో ఈశాన్యంలో ఏముందండీ ఇంజనీరు గారూ?" అని అడిగారు చైర్మన్ గారు.

"బీరువా అండీ."

"అదీ సంగతి! అందుకే మీకు ట్రాన్స్‌ఫర్ రావట్లేదు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భార్య గుడివాడలో టీచరు, పిల్లలూ ఆమె దగ్గరే. అక్కడికి బదిలీ కోసం ఆ చైర్మన్ గారి చేతే ఒక మాట చెప్పించుకోవాలని నేను తిరుగుతున్న రోజులవి. వాస్తు నమ్మని ఇంట పుట్టినవాణ్ణి, కాదంటే మీకు తెలియదు లెండి అంటారన్న జంకు కూడా ఉంది. కానీ జంకు ఒక సాకు. కనీసం నైరుతిని మట్టితో ఎత్తు చేద్దామని అనవచ్చు. దానికి వాస్తు కూడా అడ్డు చెప్పదు. ఖర్చు పెరుగుతుంది, పని ఆగుతుంది, ఆయనకి విసుగొస్తుంది. అందుకని నోరు మూసుకుని కొత్త ప్లాను గీసి సంతకం పెట్టాను.

ఆ ఏడు వాయుగుండం వచ్చింది. తెల్లారి యార్డుకి వెళ్లేసరికి కాలువ పొంగి షెడ్డులోకి నడుము లోతు నీరు చేరింది. ఇంజన్లు మునిగాయి. తడిసిన బ్లీచింగ్ ఘాటుకి పనివాళ్లు కళ్లు తెరవలేక బయటికి పరుగెత్తారు. ఈశాన్యం మెరక మీద మాత్రం చుక్క నీరు లేదు. ఊరి కుక్కలన్నీ అక్కడ పడుకుని ఉన్నాయి. ఇంజన్ల కోసం చుట్టుపక్కల అందరికీ ఫోన్లు చేశాను. దివిసీమలో నాకు తెలిసినాయన, "మా పొలాలే కనపడట్లేదండీ, మీకేం పంపమంటారు?" అన్నారు.

కాలనీలో నీళ్లు వాటంతటవి ఇంకిపోయేదాకా నిలిచాయి. నేను అటు వెళ్లలేదు. అడిగినవాళ్లకి వాన మరీ ఎక్కువైందని చెప్పాను. నన్నెవరూ తప్పు పట్టలేదు.

చివరికి బావే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఒక ట్రాక్టరు మట్టి తోలించగలవా బావా? మంచి మట్టే అక్కర్లేదు, గుంటలోకి."

మధ్యాహ్నానికల్లా పంపించి, వెనకే నేనూ వెళ్లాను. మగ్గం చెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. నల్లబడిన పడుగు ఉండచుట్టి గుమ్మం బయట పడేసి ఉంది. అతని భార్య నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. నైరుతి మూల సంగతి, ట్రాన్స్‌ఫర్ సంగతి అంతా చెప్పాను. అతను పార ఆపకుండానే విన్నాడు.

"వచ్చిందా మరి ట్రాన్స్‌ఫర్?"

"వచ్చేలా ఉంది."

"పోన్లే. పిల్లల దగ్గరుంటావు."

నేనూ ఒక పార అందుకోబోయాను. "వద్దులే బావా, బట్టలు పాడవుతాయి," అంటూ నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడి, గుంట నిండేదాకా చూశాను. నిండాక అతను దాని మీదకెక్కి కాళ్లతో తొక్కి చదును చేశాడు. ఆ పైన చాప పరిచి, కూర్చోమన్నాడు.