సుగుణ పాస్‌వర్డ్

ఈ మాట కడుపులో పెట్టుకుని ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలియదు. ఎవరైనా "మేడమ్, ఒక్క నిమిషం" అంటే చాలు, ఇప్పటికీ ఒకటే అనుమానం. తెలిసిపోయిందా? మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. వార్డుల్లోకి అప్పుడప్పుడే కంప్యూటర్లు వచ్చాయి. ఇక కాగితాలొద్దు, అన్నీ అందులోనే ఎక్కించాలని పట్టుబట్టి, వార్డు వార్డూ తిరిగి నర్సులకు నేర్పింది నేనే. ఒకరోజు పొద్దున అది చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారన్నారు. స్క్రీన్ మీద ఖాళీ గళ్లు కనిపిస్తే నా పరువేం కాను? స్టాఫ్ నర్సు సుగుణ నన్ను నమ్మి ఎప్పుడో చెప్పిన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాను. కార్ఖానా బస్తీ నుంచి వచ్చిన ఒక షుగర్ పేషెంటుకు సాయంత్రం ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఎదురుగా, ఇచ్చేసినట్టు టిక్ పెట్టాను. వాళ్లు వెళ్లగానే తీసేద్దామనుకున్నాను. తెగ మెచ్చుకున్నారు. ఆ సంబరంలో మరిచిపోయాను.

సాయంత్రం డ్యూటీ నర్సు టిక్ చూసి ఇంజెక్షన్ ఇవ్వలేదు. మర్నాటికి షుగర్ పెరిగిపోయి ఆయన ఐసీయూలో పడ్డాడు. బతికాడు, దేవుడి దయ.

పెద్దవాళ్లకు గళ్లు నిండుగా కనిపించాలని సుగుణే ముందుగా టిక్ పెట్టేసిందని విచారణలో అనుకున్నారు. నన్ను పిలిచే ముందు, గది బయట ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, నేనైతే పెట్టలే. నా పాస్‌వర్డ్ మీకు సుత ఎరుకే గదా. జెర లోపల చెప్పున్రి."

నన్ను అనుమానించిందా, సాయమే అడిగిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"అందులో మీ పేరే ఉంది సిస్టర్. నేనేం చెప్పగలను" అన్నాను.

చెయ్యి వదిలేసింది. ఉద్యోగం పోయింది. మారేడ్‌పల్లిలో ఎవరింట్లోనో మంచాన పడ్డ పెద్దావిడను చూసుకుంటోందని తర్వాత విన్నాను. అటువైపు వెళ్లడమే మానేశాను.

నాకు మాత్రం డాక్టరేటు వచ్చింది. సభల్లో శాలువాలు కప్పారు. ప్రతి ఏడూ మొదటి క్లాసులో, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని చెబుతాను. ఈ ఏడు ఒకమ్మాయి లేచి, బాగా నమ్మినవాళ్లకు కూడానా అని అడిగింది. మంచినీళ్లు తాగి పాఠం మార్చేశాను.

సుగుణ క్షమిస్తుందని రాయడం లేదు. ఆమె ఎదుట నిలబడే ధైర్యం నాకు ఇవాళ కూడా లేదు. ఆ టిక్ పెట్టింది నేను. ఈ ఒక్క వాక్యం కొట్టేయకుండా ఉంచాను.