బుజ్జమ్మ తల ఫొటో

రాజోలులో జాకెట్లు కుట్టే బుజ్జమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసేది. కాబట్టి ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. అలాంటి మనిషి 1986లో తొలికాన్పయిన వారానికి మాట్లాడటం మొదలుపెట్టి ఇక ఆపలేదు. నిద్ర లేదు. రేడియోలో వార్తలు తన గురించే చదువుతున్నారంది. పక్కలో ఉన్నది తన పాప కాదని, ఎవరో మార్చేశారని ఏడ్చింది. భర్త వెంకటస్వామి కొబ్బరి దింపులు మానేసి కాపలా కూర్చున్నాడు. అత్త నూకాలమ్మ దిష్టి తీయబోతే, "ముందు నీకు తీయించుకో అత్తా" అంది.

బాలింతలకు ఒక్కోసారి మెదడులో రక్తం గడ్డకడుతుందని, అదేమో చూడాలని అమలాపురం డాక్టరు విశాఖపట్నం పంపించాడు. అక్కడ పెద్ద చక్రంలాంటి స్కానింగ్ యంత్రాన్ని చూసి బుజ్జమ్మ ససేమిరా అంది. ధైర్యం చెప్పడానికి వెంకటస్వామే ముందు దాని బల్ల మీద పడుకున్నాడు. ఏసీ గది. "చల్లగా బాగుందండీ" అంటూ ఎంతకీ లేవడే! చివరికి బుజ్జమ్మే అతన్ని లాగేసి తను పడుకుంది.

ఫొటోలు చూసి డాక్టరమ్మ శారదాంబ, "తలలో ఏమీ లేదండీ" అంది.

నూకాలమ్మకు ఒళ్లు మండింది. "ఏమీ లేకపోవడవేంటండీ? ఊరందరి జాకెట్ల కొలతలూ ఆ తలలోనే ఉంటాయండీ!"

"గడ్డల్లాంటివి లేవంటున్నానమ్మా. కాన్పయ్యాక కొందరికి వచ్చే మానసిక జబ్బు ఇది. ఈ ఫొటోలో కనపడదు. మందులకి తగ్గుతుంది."

"కనపడని జబ్బుకి మందెలా ఇస్తారండీ?" అన్నాడు వెంకటస్వామి.

"నీకిప్పుడు ఆకలేస్తోందా?"

"ఆయ్, దంచేస్తోందండీ."

"ఫొటో తియ్యమంటావా, అన్నం తింటావా?"

వెంకటస్వామి మందుల చీటీకి చెయ్యి చాపాడు.

కొన్ని వారాలు ఆసుపత్రిలోనే ఉన్నారు. ఒక ఉదయం బుజ్జమ్మ పాపను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు చూసి, "దీనికి మా నాన్న ముక్కొచ్చింది" అంది. నూకాలమ్మ కళ్లొత్తుకుంది. ఆ వెంటనే, "ముక్కు మా వైపుదే" అని తగువు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక పొరుగింటి సూరమ్మ, "మీ కోడలికి పిచ్చంట కదా?" అంటూ వచ్చింది. నూకాలమ్మ ఫొటో తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకుంది.

"ఇదిగో, మా కోడలి బుర్ర. లోపం లేదని పెద్ద డాక్టర్లు చూసి చెప్పేరు. నీ బుర్ర ఎవరైనా చూసేరా?"

సూరమ్మ కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. తను జబ్బులో అన్న మాటలు తలుచుకుని సిగ్గుతో గది దాటని బుజ్జమ్మ, లోపల పకపకా నవ్వింది. మర్నాడు అరుగు మీదికొచ్చి కూర్చుంది.

మూడేళ్లకు రెండో కాన్పు. ఈసారి ముందే శారదాంబ దగ్గరికి వెళ్లారు. ఆవిడ చెప్పినట్టే మందులు వాడారు. అక్కడి ఆసుపత్రిలోనే బాబు పుట్టాడు. బుజ్జమ్మ గుర్రుపెట్టి నిద్రపోతోంది. నూకాలమ్మ హడలిపోయి డాక్టరమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"మరీ ఇంత నిద్దరేంటండీ?"

శారదాంబ నాడి చూసింది, బాలింతను చూసింది. "మనకి కావాల్సింది ఈ నిద్రేనమ్మా" అంది. నూకాలమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.