బాపు పడ్డ సీనుకు వన్స్ మోర్

మా మనవడు ఫోన్‌లో ఏదో రాజుల కాలం కామెడీ సినిమా చూస్తూ, భటుడు మెట్ల మీద నుంచి దొర్లే సీనును వేలితో వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మన రోజుల్లో దానికి హాలంతా అరవాల్సి వచ్చేది, గుర్తుందా? "వన్స్ మోర్" అని బెంచీలు గుద్దితే ఆపరేటర్ రీలు వెనక్కి తిప్పి వేసేవాడు.

ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసే మా నాన్న, మేం పిలిచే బాపు, ఖిల్లాలో షూటింగ్ అంటే వెళ్ళి భటుడి వేషం కట్టాడు. రాజు వేషంలో ఉన్న కమెడియన్ తన్నితే మెట్ల మీద నుంచి పడాలి. పడ్డాడు. తుంటి నిజంగానే విరిగింది. ఆ తర్వాత బస్తా ఎత్తలేదు.

సినిమా వచ్చాక బాపును రిక్షాలో ఎక్కించుకుని అందరం వెళ్ళాం. బీడీ పొగలో, తెర మీద బాపు పడ్డాడు. హాలు పగలబడి నవ్వింది.

"వన్స్ మోర్!"

బాపు మళ్ళీ పడ్డాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు బెంచీలోని మా వాడకట్టు వాళ్ళు వెనక్కి తిరిగారు.

"మస్తు పడ్డవ్ మామా!"

బాపు మా వైపు వంగి మెల్లగా అన్నాడు: "జర నవ్వుండ్రి. అందరు మన దిక్కే సూస్తాండ్రు."